ఎన్ని గంటలకు తీస్కపోయిండ్రు?

మా దిక్కు కేసు అయిందంటే మొదట వెతికేది వకీలును కాదు, తెలిసినోణ్ణి. ఎస్సైకి తెలిసినోడు, ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే కనపడేవాడు, ఠాణా ఎదురుగా జిరాక్సు సెంటరు నడిపేవాడు. ఆలేరు స్టేషన్‌లో రైలు దిగి బజారు మీదుగా నడిస్తే ఇలాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురైనా పలకరిస్తారు. వాళ్ళను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. పింఛను ఆగినా, కరెంటు మీటరు రాకున్నా ఊరికి వాళ్ళే ఆసరా. అయితే మనిషిని పోలీసులు తీసుకుపోయిన రాత్రి వాళ్ళిచ్చే సలహా ఒకటుంటుంది. "వకీలును మాత్రం తేకుండ్రి, సారుకు కోపమొస్తది."

మా చిన్నాయన కొడుకు మీద హత్యాయత్నం కేసు అయిన రాత్రి ఈ మాట నా చెవులతో విన్నాను. అప్పటికి కొత్త నేర చట్టాలు ఇంకా రాలేదు, కాబట్టి అది ఐపీసీ 307 సెక్షన్. 2024 జులై 1 తర్వాత అయి ఉంటే భారతీయ న్యాయ సంహిత కింద 109 అని రాసేవాళ్ళు. నంబరు మారింది గానీ బరువు మారలేదు. దెబ్బ తగిలి ఉంటే యావజ్జీవం దాకా పడొచ్చు.

గొడవ గెట్టు దగ్గర. యాదగిరిగుట్ట గుడిని కొత్తగా కట్టి 2022 మార్చిలో దర్శనాలు మొదలుపెట్టారు గానీ, చుట్టుపక్కల భూములకు రెక్కలు రావడం అంతకు చాలా ముందే మొదలైంది. మా తాతల కాలంలో రెండు గుంటల భూమి గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు, ఎద్దులు తిరగడానికి వదిలేసేవాళ్ళు. ఇప్పుడు ఆ రెండు గుంటల కోసం టేపు పట్టుకుని పొద్దంతా నిలబడుతున్నారు. మావాడు, పక్క చేనువాళ్ళు కడీలు పాతే దగ్గర మాటామాటా అనుకున్నారు. కర్ర ఎవరు ముందు ఎత్తారన్నది ఇప్పటికీ రెండు ఇండ్లలో రెండు తీర్ల చెబుతారు. అవతలి ఆయన తలకు కుట్లు పడ్డాయి. మావాడికి ఎడమ చెయ్యి మోచేతి కింద వాచి నల్లగా కమిలింది. తల పగిలినాయన సర్కారు దవాఖానకు పోయాడు, అక్కణ్ణించి ఫిర్యాదు ఠాణాకు చేరింది. చెయ్యి కమిలినవాడు ఇంటికొచ్చి జండూబామ్ రాసుకుని పడుకున్నాడు. తర్వాత నడిచిన కథంతా ఈ తేడా మీదనే నడిచింది.

చీకటి పడ్డాక ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, "ఒకసారి వచ్చి పో, సార్ మాట్లాడతడట" అని బండి మీద ఎక్కించుకుపోయారు. చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. ఇంట్లో నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి నేనేనని వాళ్ళ నమ్మకం. నేను పోయేసరికి తెలిసినోడు అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. యాభై వేలు చూసుకొమ్మన్నాడు. పొద్దుగాలకల్లా కేసు చిన్నది చేయిస్తానన్నాడు. ఆపైన వకీలు గురించి ఆ మాట. చిన్నమ్మ అప్పటికే పుస్తెలతాడు తీసి కొంగున కట్టుకుని ఉంది.

ఆ మాట వెనక ఒక ఆలోచన ఉంది, అది తెలిసినోడిది ఒక్కడిదే కాదు, ఊరందరిదీ. తప్పు చేయనివాడికి వకీలెందుకు? వకీలును పెట్టుకున్నావంటే తప్పు చేసినట్టే. చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అనుకుంటారు. ఇంకోటి, ఠాణాలో పని మంచి మాటతో అవుతుంది, వకీలు వస్తే కాగితం మీదికి పోతుంది. ఈ రెండోది నిజమే. కాగితం మీదికి పోతుంది. నేరారోపణ మీద పడ్డ మనిషికి ఆ రాత్రి కావలసింది సరిగ్గా అదేనని నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది.

భువనగిరిలో ప్రాక్టీసు చేసే ఒక పెద్దాయన నంబరు నాతో చదువుకున్న దోస్తు ఇచ్చాడు. అర్ధరాత్రి దగ్గరపడుతుండగా ఫోన్ చేశాను. గెట్టు సంగతి మొదటి నుంచి చెప్పబోయాను. ఆయన ఆపాడు.

"ఏం జరిగిందో తర్వాత చెప్పు. ఎన్ని గంటలకు తీస్కపోయిండ్రు?"

నేను చిన్నమ్మ వైపు చూశాను. "సీరియల్ అయిపోయినంక" అంది.

"ఏ సీరియల్?"

నవ్వు రావలసిన చోటు కాదు గానీ తెలిసినోడు నవ్వాడు. వకీలు నవ్వలేదు. సీరియల్ పేరు అడిగి, అది ఎన్నింటికి అయిపోతుందో పక్కింటి వాళ్ళను అడిగించి, ఎనిమిదిన్నర అని తేల్చాడు. తీసుకుపోతుంటే ఎవరు చూశారు, వాళ్ళ పేర్లు రాసి పెట్టుకొమ్మన్నాడు. "ఇదంత నీ ఫోన్‌ల నుంచి నాకు మెసేజ్ పెట్టు. టైమ్ దానంతట అదే పడతది" అన్నాడు. తర్వాత రెండే ప్రశ్నలు. ఎక్కడైనా సంతకం పెట్టిండా? ఒంటి మీద దెబ్బలున్నయా?

ఆ మూడు ప్రశ్నల్లో ఎంత చట్టం ఉందో ఆ తర్వాత వాయిదాలు తిరిగిన కాలంలో ఒక్కొక్కటిగా తెలిసింది. అరెస్టు చేసిన మనిషిని, దారిలో పట్టే సమయం తీసేస్తే, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతుంది. తనకిష్టమైన వకీలుతో మాట్లాడుకునే హక్కు కూడా అదే అధికరణంలో ఉంది. అయితే 24 గంటలు ఎప్పటి నుంచి లెక్క? కాగితం మీద అరెస్టు చూపించిన సమయం, ఇంట్లోంచి తీసుకుపోయిన సమయం ఒకటే కాకపోవడం మన దగ్గర కొత్త సంగతేం కాదు. మెసేజ్ పెట్టమన్నది అందుకు. అరెస్టు కారణాలు చెప్పాలి, ఇంటివాళ్ళకో దోస్తులకో కబురు చేయాలి. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఆ కారణాలు మనిషికి అర్థమయ్యేటట్టు, అతనికి తెలిసిన భాషలో చెప్పకపోతే అరెస్టే చెల్లదంది. మా కేసు నాటికి ఇంత గట్టి తీర్పు లేదు.

సంతకం సంగతి. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, కొత్త సాక్ష్య అధినియమ్‌లో 23. బ్రిటిష్‌వాళ్ళే తమ పోలీసులను అంత నమ్మారు. కానీ ఒక మెలిక ఉంది. "కర్ర ఫలానా చోట దాచిన" అని చెబితే, ఆ మాట మీద కర్ర దొరికితే, అంత మేరకు అది పనికొస్తుంది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టినవాడి తరఫున ఆ మెలికలోకి ఎన్ని మాటలైనా దూరవచ్చు. మావాడు పెట్టలేదు. తెలివితో కాదు, చెయ్యి వాచి కలం పట్టలేకపోయాడు. ఎడమచేతి వాటం మనిషి.

మర్నాడు మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందుకు తెచ్చారు. ఎదురుచూసింది గంటలు, లోపల జరిగింది ఐదు నిమిషాలు. నేను సినిమాల్లోలాగా వాదన ఉంటుందనుకున్నాను. మా వకీలు రిమాండు రిపోర్టు తీసుకుని నిలబడే చదివాడు. చదువుతూ ఒక చోట ఆగాడు. మావాణ్ణి చూసి, "అంగీ చెయ్యి మీదికి మడువు" అన్నాడు. మడిచాడు. జడ్జిగారు ముందుకు వంగి చూశారు. ఎట్లయింది అని అడిగారు. "గెట్టు కాడ కొట్టిండ్రు" అన్నాడు. పోలీసులు కొట్టారా అని మళ్ళీ అడిగారు. లేదు, గెట్టు కాడనే అన్నాడు. ఆమె రాసుకున్నారు. డాక్టరుకు చూపించి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ తర్వాత జ్యుడీషియల్ రిమాండు.

బయటికి రాగానే మా మామ ఒకాయన గట్టిగానే అన్నాడు, "బెయిల్ తేలేదు, గీ వకీలు ఏం వకీలు?" మాకందరికీ అదే అనిపించింది. ఇంత పెద్ద సెక్షన్ కింద బెయిల్ మామూలుగా సెషన్స్ కోర్టులోనే చూసుకోవాలని, ఆ పూట వకీలు కోరుకున్నది ఆ రెండు వరుసల రాత ఒక్కటేనని ఎవరం గ్రహించలేదు. ముద్దాయి ఒంటి మీద ఉన్న గాయాలకు ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పుకోలేకపోతే అది చిన్న విషయం కాదని లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు 1976లోనే అంది. కానీ గాయం ఉందని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. వారం రోజుల్లో వాపు దిగిపోతుంది. రంగు పసుపుపచ్చగా మారి మాయమైపోతుంది. రెండేళ్ళ తర్వాత సాక్షి బోనులో నిలబడి "నాకూ దెబ్బ తగిలింది" అంటే ఎవరు వింటారు?

చిన్నమ్మ ఏడుపు మాత్రం వేరే దాని గురించి. "జైలుకు తీస్కపోయేటప్పుడు తొవ్వల ఏమన్న చేస్తరా బిడ్డా" అంది. బయటి ఊరివాళ్ళు ఆ మాట వింటే విడ్డూరం అనుకుంటారు. మా ఊరివాళ్ళకు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ సెంట్రల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. చేతులకు బేడీలతో సీట్లలో ఒరిగి ఉన్న శవాల ఫోటోలు చూసి హక్కుల సంఘాలు ఆ మాటను ఒప్పుకోలేదు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ ఖైదీల మీద ఉన్నవి చిన్న ఆరోపణలు కావు, పోలీసులను చంపారన్నది కూడా అందులో ఒకటి. అవి నిజమా కాదా అన్నది మాత్రం వాళ్ళ విషయంలో ఏ జడ్జీ చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. హైవే మీద ఆ వ్యాను ఆగిన చోటు మీదుగా మేము రోజూ బస్సుల్లో తిరుగుతాం. గెట్టు కొట్లాటలో దొరికిన పిల్లగాడికీ ఆ కేసుకూ పోలిక లేదు, కానీ తల్లి గుండెకు ఆ లెక్కలు పట్టవు.

బెయిల్ కొన్ని వారాలకు వచ్చింది. ఇద్దరు జమానతుదార్లు, ఇంటి పన్ను రసీదులు, ప్రతి ఆదివారం ఠాణాలో సంతకం. ఈలోపు వకీలు సార్ డైరీలో ఒక తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉండడం చూశాను. రిమాండు నుంచి తొంభయ్యో రోజు. ఇలాంటి పెద్ద నేరాల్లో తొంభై రోజుల్లో, మిగతావాటిలో అరవై రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిల్ హక్కు అవుతుంది. అయితే అడిగినవాడికే. చార్జిషీటు పడ్డాక గుర్తొచ్చి అడిగితే ఆ హక్కు పోయినట్టే. లోపల ఉన్నవాడు రోజులు గోడ మీద గీస్తాడేమో గానీ పిటిషన్ వేయలేడు. బయట ఒకడు ఆ లెక్క పెడుతూ ఉండాలి.

వకీలు సార్ గది కోర్టు వెనక సందులో, పైన రేకులు. బల్ల మీద తాడుతో కట్టిన కట్టలు, పక్కన కంప్యూటరు ముందు ఒక జూనియర్ అమ్మాయి. మావాడు బయటికొచ్చాక మొదటిసారి తీసుకుపోతే, ఆయన మా మామను, నన్ను, చివరికి చిన్నమ్మను కూడా బయట కూర్చోమన్నాడు. చిన్నమ్మకు కోపం వచ్చింది. "నా కొడుకు నాకు చెప్పనిది ఈనకేం చెప్తడు?" చాలాసేపు పట్టింది. తర్వాత ఎప్పుడో మావాడే చెప్పాడు, అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక సంగతి ఆ రోజు ఆ గదిలో చెప్పానని. అదేమిటో నాకూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కక్షిదారు తనకు చెప్పిన మాటను వకీలు బయటపెట్టకూడదని చట్టమే కట్టడి చేసింది. నాకు అలాంటి కట్టడి లేదు. రేపు నన్ను బోనెక్కించి అడిగితే చెప్పాల్సిందే. మమ్మల్ని బయట కూర్చోబెట్టింది అందుకేనని అప్పుడు వెలిగింది.

ఫీజు గురించి ఆయన మొహమాటం లేకుండా మాట్లాడాడు. బెయిల్‌కు ఇంత, కేసు సెషన్స్‌కు పోయాక విచారణకు ఇంత, అది మూడు విడతల్లో. మా మామ ఊరుకోక, "కేసు కొట్టేస్తే ఇంకింత ఇస్తం సార్" అన్నాడు. ఆయన ముఖం మారింది. గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం తప్పు. "బెయిల్ గ్యారంటీ, కేసు గ్యారంటీ అనేటోడు మీకు దొరికితే, ఆడు ఎవరి పేరు చెప్పి పైసలు తీస్కుంటుండో ఆలోచించుకోండ్రి" అన్నాడు. అరుగు మీద చాయ తాగిన మనిషి నాకు కళ్ళ ముందు కనిపించాడు.

బంధువుల్లో ఒక పక్షం హైదరాబాద్ వకీలే కావాలని పట్టుబట్టింది. మావాడి బామ్మర్ది ఒకసారి అక్కణ్ణించి ఒక పెద్ద పేరున్నాయన్ను కారు పెట్టి తీసుకొచ్చాడు కూడా. ఆ రోజు పబ్లిక్ ప్రాసిక్యూటర్ సెలవు. వాయిదా పడింది. కారు కిరాయి, టిఫిన్లు, ఆయన రోజు ఫీజు, అన్నీ వాయిదా ఖాతాలోకే పోయాయి. పెద్ద వకీళ్ళు అక్కర్లేదనడం లేదు. హైకోర్టులో బెయిల్‌కో, కేసు కొట్టివేతకో పోవలసి వస్తే అక్కడ రోజూ నిలబడేవాళ్ళే కావాలి. కానీ సాక్షులను ప్రశ్నించే విచారణ ఆ ఊరి కోర్టులో, ఆ ఊరి తెలుగులో జరుగుతుంది. "కడీ" అంటే ఏమిటో, "మాపటీలి" అంటే ఎన్ని గంటలో వేరేవాళ్ళు చెబితే తప్ప తెలియని వకీలు, సాక్షి అబద్ధం ఎక్కడ మొదలుపెట్టాడో ఎలా పట్టుకుంటాడు? ఇంకో సంగతి, నచ్చకపోతే వకీలును మధ్యలో మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి నాకు చెప్పింది కూడా మా వకీలే. తన మీద తనే ఆయుధం చేతికిచ్చినట్టు చెప్పాడు.

పైసలు లేనివాళ్ళ మాటేమిటని ఒక వాయిదా రోజు అడిగాను. ఆ రోజు జడ్జిగారు ఆలస్యం, మాకు కావలసినంత తీరిక. అప్పుడు ఆయన ఒక పాత కేసు చెప్పాడు.

నిజాం ప్రభుత్వం మీద, దొరల మీద జరిగిన రైతాంగ పోరాటం ఇంకా నడుస్తుండగానే, పోలీసు చర్య తర్వాత, హైదరాబాద్ రాష్ట్రంలో స్పెషల్ ట్రిబ్యునళ్ళు పెట్టి వందల మందిని విచారించారు. 1949 ఆగస్టులో అవి కొందరికి ఉరిశిక్షలు వేశాయి. డిసెంబరులో హైకోర్టు ఖాయం చేసింది. తెలంగాణ ఉరిశిక్ష ఖైదీలు పన్నెండు మంది పేరు ప్రపంచమంతా వినిపించింది. అలా ఉరిశిక్ష పడినవాళ్ళలో ఒకరు జనగామ దిక్కు నల్లా నర్సింహులు. ఆ కాలంలో జనగామ కూడా మా నల్లగొండ జిల్లాలోదే. ఆలేరు తర్వాత రైలులో కొన్ని ఊళ్ళు దాటితే జనగామే. ఆ ఖైదీల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. తర్వాత రెండేళ్ళకు కెన్యాలో జోమో కెన్యాట్టా తరఫున నిలబడిన ప్రిట్ ఆయనే. జనార్దన్‌రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ పేరుతో ఆ కేసు లా పుస్తకాల్లో ఉంది.

ప్రాణం పోయే కేసులో వకీలు లేకుండా విచారణ జరిగిందన్నది అందులో ఒక వాదన. అమెరికాలో స్కాట్స్‌బరో నల్లజాతి కుర్రాళ్ళ కేసులో 1932లో అక్కడి సుప్రీంకోర్టు, వకీలు లేని ఉరిశిక్ష విచారణ విచారణే కాదంది. ఆ తీర్పూ ఇక్కడ చర్చకు వచ్చింది. 1951 మార్చిలో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వకీలు లేకపోయినంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదంది. వకీలు లేక ముద్దాయి మరీ నిస్సహాయుడైపోయి న్యాయమైన విచారణే లేకుండా పోతే పైకోర్టు జోక్యం చేసుకోవచ్చు గానీ, ఈ కేసులో పిటిషన్లు కొట్టేసింది. అదే ఏడు పంజాబ్ నుంచి వచ్చిన తారాసింగ్ కేసులో ఇంకా విడమర్చి చెప్పింది: వకీలు కావాలంటే ముద్దాయే అడగాలి, లేదా చుట్టాలతో పెట్టించుకోవాలి, పెట్టివ్వడం మేజిస్ట్రేటు పని కాదు. ఊరూరా, దేశదేశాలా జరిగిన ఆందోళన తర్వాత ఆ పన్నెండు మంది ఉరి యావజ్జీవంగా మారింది. వాళ్ళను ఉరి నుంచి తప్పించింది తీర్పు కాదు.

తర్వాత రాజ్యాంగానికి 42వ సవరణతో 39ఎ అధికరణం వచ్చింది, ఉచిత న్యాయ సహాయం రాజ్యం బాధ్యత అయింది. ఆ హక్కును సుప్రీంకోర్టు ఒక్కో కేసులో గట్టి చేస్తూ వచ్చింది: 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసు, 1980లో భాగల్పూర్‌లో పోలీసులు కళ్ళు పోగొట్టిన ఖైదీల ఖత్రీ కేసు. 1986లో సుక్ దాస్ కేసు. అరుణాచల్‌లో ఒక అసిస్టెంట్ ఇంజనీరును బెదిరించాడని సుక్ దాస్‌కు రెండేళ్ళ శిక్ష పడింది. వకీలు లేడు, కావాలని అడగనూ లేదు. అడగకపోయినా సరే, నీకు ఉచితంగా వకీలు వస్తాడని కోర్టే చెప్పాలి, చెప్పలేదు కాబట్టి శిక్ష చెల్లదంది సుప్రీంకోర్టు. ఉరికొయ్య ముందు నిలబడ్డ పన్నెండు మందికి దక్కనిది, ముప్పయ్యయిదేళ్ళ తర్వాత రెండేళ్ళ శిక్ష పడ్డ మనిషికి దక్కింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు సంతోషం కంటే ముందు కడుపులో ఏదో తిప్పినట్టయింది. 2012లో కసబ్ కేసులో ఆ బాధ్యత ఇంకా ముందుకు వచ్చింది: మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన మొట్టమొదటి రోజే చెప్పాలి. ముంబైలో అంతమందిని చంపినవాడి కేసులో వచ్చిన ఆ మాట ఇవాళ ఆలేరులో కోడిపందెంలో దొరికినవాడికి కూడా పనికొస్తుంది.

1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తాడు. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ వస్తాడు. అంటే ఆ రాత్రి ఠాణాలో కూర్చున్న మావాడికి కూడా. 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ఉచితంగా వచ్చే వకీలు ఏం చేస్తాడులే అని మా మామ పెదవి విరిచాడు. 2022 నుంచి జిల్లాల్లో జీతం మీద ముద్దాయిల కేసులు మాత్రమే చూసే వకీళ్ళను పెడుతున్నారు, వాళ్ళు బయటి కేసులు తీసుకోకూడదు. వాళ్ళందరూ బాగా చేస్తారని నేను పూచీ పడను. పైసలు తీసుకున్నవాళ్ళందరూ బాగా చేస్తారని కూడా పూచీ పడను. మేజిస్ట్రేటు ముందు ఆ ఐదు నిమిషాల్లో "అంగీ చెయ్యి మడువు" అనడానికి ఒక మనిషి ఉంటే చాలు, ఫీజు ఎవరు కట్టారన్నది తర్వాతి సంగతి.

కేసు సెషన్స్‌కు పోయింది. చార్జీలు చదివి వినిపించారు, చేయలేదన్నాడు మావాడు. ఫిర్యాదీ వచ్చి చెప్పాడు, ఆయన భార్య చెప్పింది. ఆ మధ్యలో రెండు ఇండ్లవాళ్ళూ ఒక పెండ్లిలో ఎదురుపడి, మొదట ముఖాలు తిప్పుకుని, తర్వాత ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. రాజీ పడదామంటే ఈ సెక్షన్ కింద కింది కోర్టులో రాజీ లేదు. గాయం తీరును బట్టి హైకోర్టు కొట్టేయొచ్చునని 2014లో నరీందర్ సింగ్ కేసు తీర్పు ఉంది. వకీలు సార్ ఆ దారి కూడా చూస్తానన్నాడు గానీ, డాక్టరు సాక్ష్యం అయ్యాక చూద్దామన్నాడు.

డాక్టరు వచ్చిన రోజు చిన్నమ్మ కూడా వచ్చింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ తల గాయం గురించి అంతా చెప్పించాడు, ఎన్ని కుట్లు, ఎంత పొడవు, ఎముక విరిగిందా. విరగలేదు. మా వకీలు లేచాడు.

"ముద్దాయిని కూడా మీరే చూశారా?"

"చూశాను. కోర్టు పంపితే మర్నాడు చూశాను."

"ఎడమ ముంజేతి మీద కమిలిన గాయం ఉన్నట్టు రాశారు. అది కర్ర దెబ్బతో రావచ్చా?"

"రావచ్చు."

"తల మీదికి వచ్చే దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే ఆ చోటనే తగులుతుందా?"

డాక్టరు తన ఎడమ చెయ్యి కొంచెం పైకి లేపి చూసుకున్నాడు. "తగలొచ్చు."

వకీలు కూర్చున్నాడు. మావాడు చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు, దాని మీద ఇప్పుడు మచ్చ కూడా లేదు. వాయిదా తేదీ రాసుకుని బయటికొచ్చాం. మెట్ల దగ్గర చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"గంతేనా? మూడు ముచ్చట్లు అడిగి కూసున్నడు. గా మూడు ముచ్చట్లకేనా బిడ్డా గన్ని పైసలు?"